లోపం చెప్పి అమ్మిన తలుపు

ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మూడేళ్లలో మామయ్య నోట "బాగుంది" అన్న మాట ఆమె రెండే సార్లు వింది. ఒకసారి వానకి. ఇంకోసారి, పన్ను పీకించుకుని వచ్చిన రోజున, ఆ పళ్ల డాక్టరు దగ్గరి కుర్చీకి. మనుషులకి గానీ, మనుషుల చేతి పనికి గానీ ఆయన ఆ మాట ఖర్చు పెట్టగా వినలేదు. అత్తయ్య వంటకి "ఊఁ" అంటాడు. కొడుకు పాలిష్ పట్టిన తలుపుకి "కానీయ్" అంటాడు. మరీ సంతోషం ఆపుకోలేకపోతే కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటాడు. అంతకు మించి పొల్లు మాట రాలదు.

"నీకు మూడేళ్లలో రెండా!" అని అత్తయ్య బుగ్గలు నొక్కుకుంది, ఆ లెక్క విన్నప్పుడు. "ముప్ఫై అయిదేళ్ల కాపురంలో నాకు నాలుగు. అందులో ఒకటి మా పుట్టింటి కుక్కకి."

ఊరంతా ఆయన్ని తలుపులాయన అంటుంది. నలభై ఏళ్లుగా తలుపులు తప్ప ఇంకో వస్తువు చెయ్యలేదు. ఎవరైనా కిటికీ చెయ్యమంటే, "అది గాలి రావడానికి. నేను చేసేది మనుషులు రావడానికి" అని పంపించేస్తాడు. ఆయన దుకాణంలో ఒక పద్ధతి ఉంది. తలుపు తయారై, గోడకి చేరగిలబడి, బండి ఎక్కడానికి సిద్ధంగా ఉన్నప్పుడు, దాన్ని చేసిన మనిషి కొన్నవాడి ఎదురుగా నిలబడి దాని లోపం చెప్పాలి. "అయ్యా, ఈ తలుపుకి కింద ఎడమవైపు ఒక ముడి ఉంది. పదేళ్లకి అక్కడ వెంట్రుకంత చీలిక రావచ్చు, రాకపోవచ్చు. ఇష్టమైతే తీసుకెళ్లండి." ఇదీ వరస. ముందు లోపం, తర్వాత ఇష్టం, ఆ తర్వాతే బండి.

కొత్తగా చేరిన వడ్రంగి ఒకడు "నా తలుపుకి లోపం లేదండీ" అన్నాడట. "అయితే నీ కళ్లకుంది, చూపించుకుని రా" అని మూడు రోజులు సెలవిచ్చి పంపించాడు. హోటలు యజమాని ఒకాయన ఏ లోపమూ లేని తలుపు కావాలని పట్టుబడితే, "మీకు కావలసింది తలుపు కాదండీ, తలుపు ఫోటో" అన్నాడు. ఆ యజమాని కోపంగా వెళ్లాడు, నాలుగు రోజులకి తిరిగొచ్చాడు, లోపాలన్నీ బుద్ధిగా విని హోటలు మొత్తానికి తలుపులు చేయించుకున్నాడు.

ఇక కోడలి సంగతి. ఆమెది కార్ల ఫ్యాక్టరీ. ఊరి చివర విదేశీ కంపెనీ వాళ్లు పెట్టారు. ఖరీదైన కార్లు ముక్కలు ముక్కలుగా పెట్టెల్లో వస్తే, ఇక్కడి మనుషులు వాటిని కారుగా కడతారు. ఆ వరసలో ఏడో చోటు ఆమెది, కుడి వెనక తలుపు. పెళ్లికి ముందు నుంచీ అదే పని. అక్కడ ఆమెని అందరూ "ఏడు" అనే పిలుస్తారు. "ఏడూ, టీకి రావా?" అంటారు. తలుపు వస్తుంది. రెండు మడతబందులకి తగిలిస్తుంది. బోల్టులు సగమే బిగించి, సన్నటి ఉక్కురేకులు సందులో దూర్చి, చుట్టూ ఒకే ఎడం ఉందా లేదా అని చూసుకుంటుంది. కుదిరాక మిగతా సగం బిగిస్తుంది. నిజానికి రేకు చెప్పేలోపే ఆమె వేళ్లకి తెలిసిపోతుంది.

కొత్తలో ఒకరోజు భోజనాల దగ్గర ఈ పనంతా మామయ్యకి పావుగంట సేపు వివరించింది. ఆయన ఆసాంతం విని, "చెక్క లేదు కదా" అన్నాడు. అప్పట్నుంచీ ఇంటికి ఎవరొచ్చి కోడలి ఉద్యోగం గురించి అడిగినా ఆయన జవాబు ఒక్కటే. "పెట్టెలు విప్పి బోల్టులు బిగిస్తుంది." తిట్టు కాదు, వెటకారమూ కాదు. గోడకి సున్నం వేశారు అన్నంత మామూలుగా అంటాడు. అందుకే అది గోటికింద పేడులా గుచ్చుకునేది. పైకి కనిపించదు, చెయ్యి ఆనించిన చోటల్లా చురుక్కుమంటుంది. నేను బిగించిన తలుపు ఒక్కటి ఈ మనిషి చేత్తో వేసి చూడాలి, ఒక్కసారి "బాగుంది" అనాలి అని ఆమె కోరిక. ఇది మొగుడితో కూడా చెప్పుకోలేదు. అత్తయ్యకి మాత్రం చెప్పకుండానే తెలుసు. అత్తయ్యకి అన్నీ అలాగే తెలుస్తాయి.

హోటలు తలుపులన్నీ అయిపోయిన వారం, మామయ్య ఉన్నట్టుండి కారు కొంటానన్నాడు. మామూలు కారు కాదు, పెద్ద కారు.

దీనికి ఒక వెనక కథ ఉంది. పాతికేళ్ల వయసులో ఆయన ఒక శ్రీమంతుడి ఇంట్లో తలుపు బిగించాడట. పని అయ్యేసరికి చీకటిపడి జోరున వాన. ఆ పెద్దమనిషి తన కారులో ఇంటికి పంపించాడు. వెనక సీట్లో, పనిముట్ల సంచి మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. డ్రైవరు తలుపు వేశాడు. "ధప్."

"అది చప్పుడు కాదే," అని అత్తయ్యకి ఇప్పటికి వందసార్లు చెప్పి ఉంటాడు. "బయట వాన ఉంది, ఉన్నట్టే ఉంది. లోపల లేదు. ఒక్క ధప్‌తో వానని బయట పెట్టాడు. చెక్కతో ఆ చప్పుడు రప్పించాలని నలభై ఏళ్లుగా చూస్తున్నాను. రాలేదు."

ఆ కారు ఓడ దిగి వచ్చిన కారు. అందుకని ఈయనకీ ఓడ దిగి వచ్చిందే కావాలి. తీరా వాకబు చేస్తే, అదే కంపెనీ, అదే పేరు, అదే రంగు కారు రెండు రకాలుగా దొరుకుతుందని తేలింది. ఒకటి అక్కడే పూర్తిగా కట్టి ఓడలో దింపేది. రెండోది ముక్కలుగా తెచ్చి ఇక్కడ కట్టేది. అంటే ఎక్కడ? కోడలి ఫ్యాక్టరీలో.

ఉదయం టీలు తాగుతూ ఉండగా ఈ మాట బయటపడింది. నలుగురి చేతుల్లోనూ కప్పులు ఆగాయి.

"ఓడలో వచ్చేదే నయం," అన్నాడు మామయ్య, ఎవరి మొహమూ చూడకుండా.

"నెలరోజులు నీళ్ల మీద ఊగి ఊగి వస్తుందట, దానికి తల తిరగదూ?" అంది అత్తయ్య.

"కారుకి తల ఎక్కడే?"

"మీకు లేదని దానికీ లేదనుకుంటే ఎలా?"

"నువ్వేమంటావురా?" అని కొడుకుని అడిగాడు. కొడుకు దుకాణంలో పాలిష్ పని చూస్తాడు. నెమ్మదైన మనిషి.

"రెండూ బాగానే ఉంటాయి నాన్నా."

"నువ్వు పుట్టబోయే ముందు నర్సు అబ్బాయి కావాలా అమ్మాయి కావాలా అంటే మీ నాన్నా ఇదే అన్నాడు," అంది అత్తయ్య.

కోడలు గబగబా కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. అత్తయ్య వెనకాలే వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"నోట్లో ఏం పెట్టుకున్నావే? చెప్పవేం, మాదే కొనండీ అని?"

"చెబితే నా ఫ్యాక్టరీ కాబట్టి వెనకేసుకొస్తున్నా అంటారు అత్తయ్యా. ఓడదే కొనండి అంటే నా చేతుల మీద నేనే ఉమ్మేసుకున్నట్టు. అందుకని నేను మాట్లాడను. ఆయనే చూసుకోనివ్వండి."

"నీ తరఫున నువ్వు కాకపోతే పొరుగింటావిడ మాట్లాడుతుందా?"

"ఆవిడ మాట్లాడినా వింటారేమో గానీ, నా మాట..." అని ఊరుకుంది. అత్తయ్య కోడలి చేతిలోని కప్పు తీసుకుని తనే కడిగింది. ఆవిడ ఓదార్పు అలాగే ఉంటుంది.

ఆదివారం పొద్దున్నే నలుగురూ షోరూముకి వెళ్లారు. నేల ఎంత నున్నగా ఉందంటే, అత్తయ్య మొదటి పది అడుగులూ కొడుకు మోచెయ్యి వదల్లేదు. రెండు కార్లనీ పక్కపక్కనే పెట్టారు, కవలపిల్లల్లా. ఎదురొచ్చినాయన నడివయసువాడు, మెడకి టై, చెవిలో వైరు. మామయ్య భుజాన వేలాడుతున్న సంచీని చూసి, "ఇక్కడ పెట్టండి సార్, మేం చూసుకుంటాం" అన్నాడు.

"ఎందుకు? నా పనిముట్లు నాకే కావాలి," అన్నాడు మామయ్య, సంచి విప్పుతూ.

టై ఆయన కళ్లు పెద్దవయ్యాయి. సంచిలోంచి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. గాజుగొట్టంలో బుడగ ఆడే మట్టం కర్ర. దారానికి వేలాడే ఇనప గుండు. వార్తాపత్రిక కత్తిరించిన సన్నటి పీలికల కట్ట.

మొదట ఓడ దిగిన కారు. మామయ్య తలుపు తెరిచి, చివర రెండు చేతులా పట్టుకుని పైకెత్తాడు. మడతబందు వదులైతే తలుపు చేతిలోనే లేస్తుంది, నలభై ఏళ్లుగా ఆయన చేసే మొదటి పరీక్ష అది. టై ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"సార్ సార్! అలా ఎత్తకూడదండీ!"

"ఎత్తకూడని తలుపుని ఎందుకు తగిలించారు?"

తలుపు లేవలేదు. మామయ్య "ఊఁ" అన్నాడు. గుండు వేలాడదీసి నిలువు చూశాడు. మట్టం ఆనించి అడ్డం చూశాడు. అలవాటు చొప్పున వేలి కణుపుతో టకటకా కొట్టి చెవి ఆనించాడు. తర్వాత చేస్తున్న పని గుర్తొచ్చి, "ఇది ఏ చెట్టుదీ కాదు" అని తనకి తనే చెప్పుకుని లేచాడు. అప్పుడు పీలికలు. ఒక పీలికని సందులో పెట్టి, తలుపు వేసి, మెల్లగా లాగుతాడు. ఊరికే జారొస్తే అక్కడ తలుపు ఆనడం లేదన్నమాట. చిరిగిపోతే మరీ నొక్కేస్తోందన్నమాట. పట్టుగా, చిరక్కుండా, కొంచెం బెట్టు చేసి రావాలి. చుట్టూ పన్నెండు చోట్ల.

కోడలు ఆయన వేళ్లనే చూస్తోంది. ఫ్యాక్టరీలో తను చేసేదీ అచ్చంగా ఇదే. రేకులతో ఎడం కుదిరాక, రబ్బరు పట్టు చూసేది కాగితం పీలికతోనే. రోజుకి ఎన్నిసార్లో లెక్కలేదు. లాగేటప్పుడు కళ్లు మూసుకోవడం కూడా అంతే. మూడేళ్లుగా ఒకే ఇంట్లో తిరుగుతున్న ఇద్దరు మనుషులు ఒకే పని చేస్తున్నారని ఆ గదిలో ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన చెయ్యి చాపకముందే తర్వాతి పీలిక ఆ చేతిలో పెట్టింది. ఆయన చూడకుండానే అందుకున్నాడు.

చివరికి చప్పుడు. మామయ్య వెనక సీట్లో కూర్చుని, మోకాళ్ల మీద సంచి పెట్టుకుని, "వెయ్యి" అన్నాడు. కొడుకు తలుపు వేశాడు.

ధప్.

అద్దంలోంచి ఆయన మొహం కనిపిస్తోంది. పాతికేళ్ల కుర్రాడి మొహంలా ఉంది.

తర్వాత ఇక్కడ కట్టిన కారు. ఎత్తడం, గుండు, మట్టం, పీలికలు, అన్నీ మళ్లీ మొదటినుంచి. కుడి వెనక తలుపు దగ్గరికొచ్చేసరికి కోడలు ఒక అడుగు దగ్గరికి జరిగింది. ఆయన తలుపు తెరిచినప్పుడు అంచున చిన్న చీటీ కనిపించింది. దాని మీద కట్టిన తేదీ, వరస నంబర్లు. తనది కూడా. ఇది తన చేతిమీదుగా వెళ్లిన తలుపే. పీలిక పన్నెండు చోట్లా బెట్టుగానే వచ్చింది. మామయ్య లోపల కూర్చున్నాడు. కొడుకు తలుపు వేశాడు.

ధప్.

మామయ్య దిగి, రెండు కార్ల మధ్యా నిలబడి, అటూ ఇటూ చూశాడు. "ఒక్కలాగే ఉన్నాయి," అన్నాడు, దొంగని పట్టుకోలేకపోయిన పోలీసులా.

"నేను చెప్పాగా," అన్నాడు కొడుకు. ఆ మాట అనే అవకాశం వాడికి ఎప్పుడోగానీ రాదు.

అప్పుడు మామయ్య టై ఆయన వైపు తిరిగి, తన దుకాణంలో ప్రతి తలుపు దగ్గరా వినిపించే ఆ ప్రశ్న అడిగాడు.

"సరే. ఈ ఓడ కారు లోపం ఏమిటి?"

"లోపమా? సార్, ప్రపంచంలోనే..." అని టై ఆయన మొదలుపెట్టి అయిదు నిమిషాలు ఆగకుండా చెప్పాడు. మామయ్య ఓపిగ్గా విన్నాడు.

"ఇవన్నీ గుణాలు. లోపం చెప్పు."

"లేదు సార్."

"పోనీ దీనిది?"

"దీనికీ లేదు సార్. లోపాలుంటే మా షోరూములో అడుగే పెట్టదు."

మామయ్య మట్టం కర్ర తుడిచి సంచిలో పెట్టాడు. గుండుకి దారం చుట్టాడు. "పదండి ఇంటికి," అన్నాడు.

"అదేమిటి సార్! నచ్చలేదా?"

"నచ్చాయి. నలభై ఏళ్లుగా తలుపులు చేస్తున్నానయ్యా. లోపం లేని తలుపుని నేనింతవరకూ చూడలేదు. లేదని చెప్పేవాళ్లని మాత్రం చాలామందిని చూశాను. వాళ్ల దగ్గర నేను మేకు కూడా కొనను."

"నేను దిగను," అని ఓడ కారు వెనక సీట్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది. ఆవిడ ఎప్పుడెక్కి కూర్చుందో ఎవరూ చూడలేదు. కాళ్లు బారజాపుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, స్థిరపడిపోయి ఉంది. "ముప్ఫై అయిదేళ్లుగా ధప్ ధప్ అని నా చెవుల్లో ఊదరగొట్టారు. ఇవాళ ఏదో ఒకటి కొంటేగానీ నేను కదలను."

"లోపం చెప్పని వస్తువుని ఎలా కొనమంటావే?"

"నన్ను కొని తెచ్చుకున్నప్పుడు... అంటే చేసుకున్నప్పుడు మా నాన్న లోపం చెప్పాడా?"

"చెప్పాడు. నోరు ఎక్కువన్నాడు. అందుకే చేసుకున్నాను."

కొడుకు మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు. మామయ్య నవ్వలేదు. సంచి భుజాన వేసుకుని, ఇక్కడ కట్టిన కారు కుడి వెనక తలుపు మీద ఒక్క క్షణం చెయ్యి పెట్టాడు. స్టేషన్లో రైలెక్కే మనిషి అయినవాళ్ల భుజం మీద పెట్టినట్టు. భుజాలు రెండూ కొంచెం దిగాయి. వెళ్లడానికి తిరిగాడు.

ఆ తలుపు లోపం కోడలికి తెలుసు. బాగా తెలుసు. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. "బోల్టులు బిగించడం కూడా సరిగ్గా రాదన్నమాట" అనే మాట ఈ ఇంట్లో ఇంకో ముప్ఫై ఏళ్లు తిరుగుతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, పీలికలకే దొరకలేదు. ఆయన ఇవాళ కాకపోతే రేపు మెత్తబడి ఏదో ఒకటి కొంటాడు. ఊరుకుంటే సరిపోతుంది. మూడేళ్లుగా ఊరుకుంటూనే ఉంది కదా.

కానీ ఆ టై ఆయన, ఒక్క బోల్టయినా ముట్టుకోని మనిషి, తన తలుపుకి లోపం లేదంటున్నాడు. తనదాని సంగతి వీడికేం తెలుసు? ఎందుకో ఆమెకి చెప్పలేనంత కోపం వచ్చింది.

"ఉంది మామయ్యగారూ," అంది.

షోరూములో అందరూ ఆగిపోయారు. టై ఆయన నోరు తెరిచి, మూయడం మరిచిపోయాడు.

ఆమె వెళ్లి తలుపు పక్కన నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుంది. దుకాణంలో ఎన్నిసార్లు విందో, ఆ వరసే నోటికొచ్చింది.

"అయ్యా, ఈ తలుపుకి పైన, వెనక మూలలో రబ్బరు వెంట్రుకవాసి మందం ఎక్కువ. చల్లగా ఉన్నప్పుడు తెలియదు. ఎండలో గంటసేపు నిలబెట్టి తీస్తే కీచుమంటుంది. ఒక్క ఎండాకాలం గడిస్తే రబ్బరు అణిగి ఆ కీచు పోవచ్చు, పోకపోవచ్చు. రబ్బరు మార్చమని మా పైవాళ్లకి చెప్పాను, తర్వాత వచ్చినవాటికి మార్చారు. ఇది ముందుది. ఇష్టమైతే తీసుకెళ్లండి."

మామయ్య సంచి కిందికి దిగింది. పీలిక ఒకటి తీశాడు. ఇందాక చూసిన చోట కాదు, దానికి బెత్తెడు పైన, సరిగ్గా మూల మలుపులో పెట్టాడు. తలుపు వేశాడు. లాగాడు. పీలిక సగం ఆయన చేతికొచ్చింది, సగం లోపలే ఉండిపోయింది.

"చిరిగింది," అన్నాడు.

"చిరుగుతుంది," అంది ఆమె.

"ఎవరు బిగించారు?"

"నేనే."

ఆయన చిరిగిన పీలికని వెలుతురుకి ఎత్తి చూశాడు. తర్వాత ఆమెని చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు.

"ముందు పైబందా, కిందిదా?"

"కిందిది."

"తప్పు. పైది ముందు. బరువంతా పైదే మోస్తుంది."

"అది చెక్క తలుపుకి మామయ్యగారూ. దీనికి కిందిది ముందు పట్టిస్తే, పైదాన్ని లోపలికీ బయటికీ జరుపుకోవచ్చు. ఎడం అక్కడే కుదురుతుంది."

"ఎంత జరుపుతావు?"

"గోరు మందంలో పదోవంతు. ఒక్కోసారి అంత కూడా ఉండదు."

"కంటితోనా?"

"వేలితో. తర్వాత రేకు పెట్టి చూసుకుంటాను. రేకు ఎప్పుడూ వేలి మాటే చెబుతుంది."

మామయ్య కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఓడ కారులోంచి అత్తయ్య అది చూసింది. చూసి, ఎవరూ అడగకుండానే కారు దిగేసింది.

ఆ తర్వాత అరగంట ఆ ఇద్దరికీ లోకం పట్టలేదు. బోల్టు సగం బిగించి ఎందుకు వదలాలి, తలుపు తన బరువుకి తను కుదురుకోవడానికి ఎంత సేపు ఇవ్వాలి, మడతబందుకి నూనె ముందా తర్వాతా, అన్నీ అయ్యాయి. మామయ్య కారు కింద పడుకుని చూస్తానన్నాడు. కోడలు "అక్కడ తలుపులేమీ లేవు" అని లేపింది. టై ఆయన మూడు టీలు తెప్పించాడు, మూడూ చల్లారిపోయాయి.

"కీచుకి మందేమిటి?" అన్నాడు మామయ్య. "నా దగ్గర కొవ్వొత్తి ముక్క ఉంది. మైనం రుద్దనా?"

"మైనం వద్దు, ఎండకి అంటుకుంటుంది. మేం పౌడరు అద్దుతాం."

అత్తయ్య చేతిసంచిలోంచి పౌడరు డబ్బా బయటికొచ్చింది. "మొహానికి వేసుకునేదేనా? ఇదిగో. వాసన కూడా బాగుంటుంది." కోడలు వేలితో అద్దుతుంటే మామయ్య తలుపు పట్టుకున్నాడు. టై ఆయన "సార్, అది షోరూము కారు" అన్నాడు, కానీ ఆ అనడంలో పస లేదు.

"మరి ఆ ఓడ కారు లోపం ఏమిటమ్మాయ్?" అని మామయ్య చివరికి అడిగాడు.

"ఉండే ఉంటుంది. కానీ నాకు తెలియదు. తెలిసినవాళ్లు ఓడకి అవతల ఉన్నారు."

"అంతేగా," అన్నాడు. టై ఆయన వైపు తిరిగి, ఇక్కడ కట్టిన కారు చూపించి, "ఇది" అన్నాడు.

టై ఆయన మొహం వెలిగిపోయింది. "చాలా సంతోషం సార్! ఇదే రంగులో కొత్తది తెప్పిస్తాను. రబ్బరు మార్చిన రకం. దానికి ఆ కీచు సమస్యే ఉండదు!"

"కొత్తది తెప్పిస్తే దాని లోపం మళ్లీ ఎవరు చెబుతారు? నాకు ఇదే కావాలి. ఈ తలుపున్నదే."

కారు ఇంటికొచ్చింది. అత్తయ్య కుడి వెనక సీటు తనదని ప్రకటించి, అందులో చిన్న దిండు కూడా పెట్టింది. కీచుమన్నప్పుడల్లా "నీ తలుపు పిలుస్తోందే" అని కోడల్ని కేకేసేది, పౌడరు డబ్బా పుచ్చుకుని.

ఇక మామయ్య. ఇంటికి ఎవరొచ్చినా, చెప్పులైనా విడవనివ్వకుండా కారు దగ్గరికి లాక్కెళ్లేవాడు. ముందు సీట్లూ, స్క్రీన్లూ, గుణగణాలూ ఏవీ చూపించడు. నేరుగా కుడి వెనక తలుపు దగ్గర నిలబెట్టి, "ఈ తలుపుకి పైమూల రబ్బరు వెంట్రుకవాసి మందం. ఎండలో కీచుమంటుంది. మా కోడలు బిగించింది" అనేవాడు. వచ్చినవాళ్లు పాపం ఏమనాలో తెలియక కోడలి వైపు జాలిగా చూసేవాళ్లు. ఆమె మాత్రం పెదవులు బిగించి నవ్వు ఆపుకునేది. ఆయన ఎవరి తలుపులకి లోపాలు చెబుతాడో ఆమెకి తెలుసు. తన దుకాణంలో తయారైనవాటికే చెబుతాడు. పక్క దుకాణం తలుపు విరిగి మీద పడ్డా దాని గురించి మాట్లాడడు. పెట్టెలూ బోల్టుల మాట ఆ ఇంట్లో మళ్లీ వినిపించలేదు.

ఎండాకాలం వచ్చింది, గడిచింది. ఒకరోజు పొద్దున్న ఆమె ఫ్యాక్టరీకి బయల్దేరుతుంటే, మామయ్య కారు పక్కన దిగాలుగా నిలబడి ఉన్నాడు. తలుపు తీస్తున్నాడు, వేస్తున్నాడు. తీస్తున్నాడు, వేస్తున్నాడు.

"ఏమైంది మామయ్యగారూ?"

"కీచు పోయింది."

"పోవచ్చనే కదా చెప్పాను."

"పోవచ్చన్నావు. కానీ ఈ సాయంత్రం హోటలాయన వస్తున్నాడు. ఆయనకిప్పుడు ఏం చెప్పను? లోపం లేదనా?" ఆ మాట అంటుంటే ఆయన మొహంలో నిజమైన బాధ ఉంది.

ఆమె చేతిలోని సంచి కింద పెట్టింది. కారు చుట్టూ ఒకసారి నడిచింది, వేలి కొస సందుల వెంట జారిస్తూ. ముందు ఎడమ తలుపు దగ్గర, కింది అంచుకి జానెడు పైన, వేలు ఆగింది. వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చి, మళ్లీ అక్కడే ఆగింది.

"ఇక్కడ చూడండి."

మామయ్య వంగాడు. తన వేలు పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఎడం ఒక పిసరు ఎక్కువుంది," అన్నాడు మెల్లగా. "ఇన్ని నెలలుగా నాకు దొరకలేదు."

"ఆ తలుపు మూడో నంబరుది. చెయ్యి మంచిదే, తొందర ఎక్కువ."

మామయ్య నడుం నిటారుగా చేసి నిలబడ్డాడు. కళ్లజోడు తీశాడు. తుడవలేదు. కోడలి చేతివేళ్ల వైపు చూస్తూ,

"బాగుంది," అన్నాడు.

అని, తన మాటకి తనే తత్తరపడినట్టు దగ్గి, "మూడో నంబరుని ఒకసారి టీకి రమ్మను. మాట్లాడాలి" అంటూ దుకాణం వైపు నడిచాడు.

కోడలు కదల్లేదు. ఫ్యాక్టరీ బస్సు వీధి మొదట్లో హారన్ కొడుతోంది. గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది, ఎప్పట్నుంచి వింటోందో. చెయ్యి పైకెత్తి మూడు వేళ్లు చూపించింది. తర్వాత తన లెక్కకి నాలుగు వేళ్లు తెరిచి చూసుకుని, కుక్కది గుర్తొచ్చి కాబోలు, ఒకటి మడిచేసింది.